ముందు అద్దం తుడువు

విశాఖపట్నం

చిట్టితల్లీ,

రోలింగ్ మిల్లులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ట్రైనీగా చేరబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ముప్పై ఏళ్ల పైచిలుకు పైరోమీటర్ల చుట్టూ తిరిగిన మామయ్యకు ఇంతకు మించిన సంతోషం ఏముంటుంది? ఉక్కును తాకకుండా దాని వేడి కొలిచే పని నీ చేతికి వస్తోంది. తెర మీద కనిపించే డిగ్రీల అంకె, ఉక్కు నుంచి వచ్చిన వెలుగును చూసి పరికరం కట్టిన లెక్క. ఆ వెలుగు ఏ దారిన వచ్చిందో తెలుసుకున్నాకే ఆ లెక్కను నమ్మాలి. నీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

సంక్రాంతికి మీ వంటింట్లో జరిగింది గుర్తుందా? పొయ్యి మీద తళతళలాడే స్టీలు గిన్నెలో ఎసరు మరుగుతోంది. మామయ్య సంచీలోంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ తీసి గిన్నె పక్కకు గురిపెడితే నలభై ఎనిమిది డిగ్రీలు చూపింది. నువ్వు నవ్వావు. తర్వాత అదే గిన్నెకు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద గురిపెడితే తొంభై దాటింది. నీళ్లు అవే, గిన్నె అదే. మెరిసే స్టీలు తన వేడిని కిరణాలుగా బయటికి పంపడంలో పరమ పిసినారి. పైగా గోడల వేడినీ కప్పు వేడినీ అద్దంలా తిప్పి చూపిస్తుంది. వేడిని కిరణాలుగా పంపే గుణం పేరే ఎమిసివిటీ. మనిషి చర్మానిది దాదాపు 0.98, అందుకే 2020లో కరోనా రోజుల్లో గుమ్మం దగ్గర నుదుటికి గన్ పెట్టినప్పుడు ఈ పేచీ రాలేదు. వేడికి పెంకు (ఆక్సైడ్ పొర) కట్టిన ఉక్కుది 0.8 పైన ఉంటుంది. పాలిష్ చేసిన అల్యూమినియంది 0.1 కూడా ఉండదు. లోహాల దగ్గర తిప్పలన్నీ ఇక్కడే మొదలు.

నిజానికి వెలుగు చూసి వేడి పసిగట్టే ఈ విద్య మన కమ్మరి కొలిమిలో ఎప్పుడో ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవారు. హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు 1820 దశకంలో ఆ పని చూసి రాసిపెట్టాడు. అలాంటి ఉక్కులో కార్బన్ ఎక్కువ. మామూలు ఇనుములా తెల్లగా కాల్చి సుత్తి వేస్తే దాగలి మీదే పొడిపొడిగా విరిగిపోతుంది. ఎరుపు ఏ ఛాయలో ఉండగా కొట్టాలో, ఏ ఛాయకు ఆగాలో కమ్మరి కన్నే చెప్పాలి. కొలిమి ఉన్న చోట చీకటిగా ఉండడం కూడా ఊరికే కాదు. ఎండలో చూస్తే అదే ఎరుపు కంటికి ఆనదు. చుట్టూ ఉన్న వెలుగు కొలతను చెడగొడుతుందని ఆ కమ్మరికి తెలుసు. నీ మిల్లులో రేకుల సందుల్లోంచి పడే ఎండ కూడా పైరోమీటర్‌ను అలాగే మోసం చేస్తుంది.

కంటికి కనిపించని వేడి కిరణాలను 1800లో విలియం హెర్షెల్ పట్టుకున్నాడు. పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఎరుపు అవతల చీకటిలో థర్మామీటర్ పెడితే అక్కడ పాదరసం ఇంకా పైకి ఎక్కింది. ఏ వేడికి ఏ కిరణం ఎంత వస్తుందో 1900లో మాక్స్ ప్లాంక్ సూత్రం కట్టాడు. ఈ రోజు నీ చేతికొచ్చే ప్రతి పైరోమీటర్ ఆ సూత్రం మీదే నడుస్తుంది.

ఆ సూత్రంలోంచి ఒక లెక్క మాత్రం కాగితం మీద వేసి చూసుకో. బిల్లెట్, అంటే ఉక్కు దిమ్మె, 1200 డిగ్రీల దగ్గర ఉంది, ఎమిసివిటీ పెట్టడంలో పది శాతం పొరపాటు జరిగింది అనుకో. పరికరం ఒక మైక్రాన్ తరంగదైర్ఘ్యం దగ్గర చూసేదైతే తేడా పదిహేను డిగ్రీలే. పది మైక్రాన్ల దగ్గర చూసేదైతే తేడా తొంభై డిగ్రీలు దాటుతుంది. బజారులో దొరికే చవక గన్లు చాలావరకు ఎనిమిది నుంచి పద్నాలుగు మైక్రాన్ల మధ్య చూసేవే. బేరింగ్ వేడెక్కిందా, ప్యానెల్లో వైరు కాలుతోందా అని చూడ్డానికి అవి బంగారం లాంటివి. వాటితో బిల్లెట్ వేడి చూసి ఫర్నేస్ నడపడం తప్పు.

ఇక అసలు సంగతి, టీఎంటీ కమ్మీ. మన ఇళ్ల స్లాబుల్లో ఉండేది అదే కాబట్టి ఇది కొంచెం నిదానంగా చదువు. చివరి రోలింగ్ స్టాండు దాటి వెయ్యి డిగ్రీల ప్రాంతంలో వచ్చే కమ్మీని నీటి పెట్టెలోంచి పరుగెత్తిస్తారు. పైపొర ఒక్కసారిగా గట్టిపడుతుంది, లోపలి గుండె ఎర్రగానే ఉంటుంది. కూలింగ్ బెడ్ మీదికి వచ్చాక ఆ లోపలి వేడి పైకి పాకి, పెళుసెక్కిన పొరను తిరిగి పదును పెడుతుంది. కమ్మీని అడ్డంగా కోసి, నునుపు చేసి, యాసిడ్ పూస్తే చుట్టూ ముదురు రంగు ఉంగరం తేలుతుంది. పైపొర తిరిగి వేడెక్కి ఎంత దాకా వస్తుందన్నదే ముఖ్యం. అది ఆరు వందల డిగ్రీల ప్రాంతం. అంతకన్నా పైకి పోతే బలం తగ్గుతుంది, బాగా కిందికి పోతే సాగే గుణం తగ్గుతుంది. ఎఫ్‌ఈ 500డీ కమ్మీకి కనీసం 500 మెగాపాస్కల్ యీల్డ్ (శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకునే బలం), 16 శాతం సాగుదల ఉండాలని ఐఎస్ 1786 చెబుతుంది. ఆ రెంటినీ కాపలా కాసేది బెడ్ పక్కన స్టాండుకు బిగించిన చిన్న పైరోమీటరే.

ఒక మిల్లులో ఆ పైరోమీటర్ అద్దానికి దుమ్ము పట్టకుండా గాలి ఊదే ఏర్పాటు ఉండేది. ఫిల్టర్ మార్చకపోవడంతో కంప్రెసర్ గాలిలోని నూనె తుంపర ఆ అద్దానికే పట్టింది. దాని మీద ఆవిరి, ఆ పైన పెంకు పొడి. వెలుగులో దాదాపు నలభై శాతం లోపలికి పోలేదు. 600 డిగ్రీల కమ్మీ తెర మీద 560గా కనిపించింది. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని ఆపరేటర్ వాల్వు తగ్గించాడు. కమ్మీ నిజంగా ఇంకా వేడిగా బయటికి వచ్చింది, తెర మీద మాత్రం అంతా సవ్యంగా కనిపించింది. ల్యాబులో లాగి చూస్తే యీల్డ్ 500 కిందికి జారింది. ఈ మామయ్య ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఇంకో షిఫ్టులో మరీ ఘోరం జరిగింది. అంకె తక్కువ వస్తోందని ఎమిసివిటీ సెట్టింగును 0.80 నుంచి 0.50కి దించి, అంకెను సరిచేశామనుకున్నారు. తర్వాత ఎవరో మంచి మనసుతో అద్దం తుడిచేసరికి తెర 640 చూపింది. ఈసారి నీళ్లు పెంచారు. తిప్పలు రెండో వైపు మొదలయ్యాయి. అంకె నచ్చకపోతే సెట్టింగు ముట్టుకోవద్దు తల్లీ. ముందు స్టాండు దగ్గరికి నడిచి వెళ్లి అద్దం చూడు.

రెండు కిరణాల నిష్పత్తి చూసే పైరోమీటర్ కొంటే ఈ బాధ తీరుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. దుమ్ము విషయంలో చాలావరకు నిజమే. దుమ్ము రెండు కిరణాలనూ సమంగా అడ్డుకుంటే నిష్పత్తి మారదు. కానీ లోహం ఎమిసివిటీ ఆ రెంటి దగ్గర వేర్వేరుగా మారితే అదీ తప్పుతుంది. లేజర్ చుక్కను చూసి కూడా మోసపోకు. చుక్క గురి చూపడానికే, వేడి కొలిచే వలయం దానికన్నా పెద్దది. 50:1 అని రాసి ఉన్న గన్ మీటరు దూరం నుంచి ఇరవై మిల్లీమీటర్ల వలయాన్ని చూస్తుంది. పన్నెండు మిల్లీమీటర్ల కమ్మీకి ఆ దూరం పనికిరాదు. రీహీటింగ్ ఫర్నేస్‌లో ఇంకో చిక్కు. బిల్లెట్ కన్నా గోడలు వేడిగా ఉంటాయి. ఆ గోడల వెలుగు బిల్లెట్ మీద పడి తిరిగివచ్చి అంకెను పెంచేస్తుంది. బిల్లెట్ బయటికి వచ్చాక, నీళ్లతో పెంకు కొట్టేసిన చోట చూసిన అంకె దానికన్నా నిజాయితీగా ఉంటుంది.

చేరిన మొదటి రోజే ఫోర్‌మన్‌ను అడుగు: కూలింగ్ బెడ్ పైరోమీటర్ అద్దం ఎప్పుడు తుడిచారు, వేడి కచ్చితంగా తెలిసిన బ్లాక్‌బాడీ ముందు పెట్టి చివరిసారి ఎప్పుడు సరిచూశారు? ఆ రెండు తేదీలూ రాసుకుని రాత్రికి మామయ్యకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య