పాత చెరోకీ గేర్‌బాక్స్ దించే ముందు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీల్లో పనిచేసిన కరీంనగర్, నిజామాబాద్ మెకానిక్‌లలో నేనూ ఒకణ్ణి. కొత్తగా పానా పట్టిన తమ్ముడికి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. బండి పాత జీప్ చెరోకీ అనుకో. నాలుగు లీటర్ల ఇంజిన్, దానికి జపాన్ ఐసిన్-వార్నర్ వాళ్ల ఏడబ్ల్యూ4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్. 1987 నుంచి 2001 దాకా అదే వచ్చింది.

1. గేర్‌బాక్స్ పోయిందని ఓనర్ అన్నాడని వెంటనే దించకు. దీని కంప్యూటర్ వేరుగా ఉంటుంది. దాని ఫ్యూజ్ తీసేసి నడిపి చూడు. లివర్ 1-2లో పెడితే ఒకటో గేరు, 3లో పెడితే మూడు, డీలో పెడితే నాలుగు పడాలి. జారకుండా పడ్డాయంటే జబ్బు చాలావరకు కరెంటు వైపే ఉంది: వైరింగు, సెన్సర్, లేదా సోలెనాయిడ్. సోలెనాయిడ్లకైతే ఆయిల్ పాన్ విప్పితే చాలు, బాక్స్ దించక్కర్లేదు. ఈ పరీక్ష చేయకుండా వేల దిర్హాముల బిల్లు రాసేవాళ్లు ఉన్నారు, నువ్వు వాళ్లలో చేరకు.

2. ఆయిల్ ఎర్రగా ఉంటే సరే. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగుకు తిరిగితే రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి నీళ్లు కలిశాయి. అప్పుడు ఆయిల్ మార్చి పంపేస్తే లాభం లేదు, నీళ్లు తగిలిన ప్లేట్ల లైనింగ్ ఊడిపోతుంది.

3. బాక్స్ మార్చక తప్పదంటే స్క్రాప్ బాక్స్ చవక. కొనేముందు పాన్ విప్పించు. అయస్కాంతం మీద బూడిదరంగు జిగురు కొంచెం ఉండటం మామూలే. ఇనుప రజను, ముక్కలు ఉంటే వదిలెయ్. ఔట్‌పుట్ షాఫ్ట్ పళ్లు కూడా లెక్కపెట్టు. 1991 ప్రాంతంలో 21 నుంచి 23కి మార్చారు, తేడా వస్తే నీ ట్రాన్స్‌ఫర్ కేస్ దానికి ఎక్కదు.

4. దించేటప్పుడు ముందు క్రాంక్ సెన్సర్ తీసి పక్కన పెట్టు. మరిచిపోతే అది విరుగుతుంది, బాక్స్ ఎక్కించాక బండి స్టార్ట్ కాదు. బాక్స్‌ను ఇంజిన్‌కు బిగించే పై రెండు బోల్టులకు మామూలు సాకెట్ పట్టదు, ఈ12 టార్క్స్ సాకెట్ కావాలి.

5. అసలు కష్టం టార్క్ కన్వర్టర్ దగ్గర. తిప్పుతూ లోపలికి తోస్తుంటే ఒక్కో మెట్టు దిగి పంపులో పూర్తిగా కూర్చోవాలి. కూర్చోకుండానే బోల్టులు బిగించి బాక్స్‌ను ఇంజిన్‌కు లాగితే పంపు పగులుతుంది. కొత్త ప్లేట్లు, కొత్త సీళ్లు, పనంతా వృథా. బాక్స్ చేత్తో తోస్తేనే ఇంజిన్‌కు ఆనాలి. ఆనకపోతే వెనక్కి తీసి మళ్లీ కూర్చోబెట్టు. పక్కన సూపర్‌వైజర్ అరుస్తుంటాడు, అరవనీ.

6. పాత బాక్స్ రజనంతా కూలర్‌లో ఉంటుంది. కడగకుండా కొత్త బాక్స్ తగిలిస్తే ఆ రజను తిరిగి దాంట్లోకే పోతుంది. నా మాట వింటే రేడియేటర్ కూడా మార్చు.

7. థ్రాటిల్ కేబుల్ సరిచెయ్యి. లోపలి ఆయిల్ ప్రెషర్ దాని మీదే ఆధారపడుతుంది. వదులుగా ఉంటే గేర్లు జారి కొత్త ప్లేట్లు కూడా కాలతాయి.

8. ఎడారిలో ఈ బాక్స్‌లను చంపేది వేడి. తాళం ఇచ్చేటప్పుడు ఓనర్‌కు చెప్పు: ఇసుకలో టైర్ల గాలి తగ్గించాలి, లో రేంజ్ వెయ్యాలి, అదనపు ఆయిల్ కూలర్ పెట్టించుకోవాలి. కూలర్ వద్దంటే ఆ మాట బిల్లు మీద రాసి సంతకం తీసుకో.