ఉమ్మడి ఖమ్మం జిల్లా రాళ్ళు: మారినవీ, మారనివీ

అవక్షేప శిల ఎంత పాతబడితే అంతగా మారిపోతుందని, వయసే దాన్ని రూపాంతర శిలగా చేస్తుందని కొందరు విద్యార్థులు అనుకుంటుంటారు. అది సరికాదని తెలుసుకోవడానికి హిమాలయాలదాకా పోనక్కర్లేదు. ఇల్లెందులో బస్సెక్కి కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరేలోగా రుజువులన్నీ కనిపిస్తాయి.

భద్రాచలం దగ్గర గోదావరి వరద తీయగానే గట్టున ఇసుక, ఒండ్రు మిగులుతాయి. అవక్షేప శిలకు ఇదే ముడిసరుకు. పొరమీద పొర పడేకొద్దీ కింది పొరలోని నీరు పిండినట్టు బయటికి పోతుంది. నీటిలో కరిగివున్న సున్నం, సిలికా, ఇనుము రేణువుల మధ్య చేరి సిమెంటులా పట్టేస్తాయి. ఇసుక ఇసుకరాయి అవుతుంది, బంకమట్టి షేలు అవుతుంది. ఇది గట్టిపడటమే తప్ప రూపాంతరం కాదు.

ఈ పని 28 కోట్ల ఏళ్ళ క్రితం కూడా ఇక్కడ జరిగింది. భూమి పగుళ్ళ మధ్య ఈ లోయ నెమ్మదిగా కుంగుతూ వచ్చింది. అడుగున మంచునదులు తెచ్చి పడేసిన గుండ్రాళ్ళున్నాయి (మన ఎండలు ఎరిగినవారు నమ్మడం కష్టమే!). వాటిపైన ఊబినేలల్లో గ్లాసోప్టెరిస్ చెట్లు కూలి, ఇసుక కింద పూడి, బొగ్గయ్యాయి. 1871 ప్రాంతంలో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించింది ఈ బొగ్గునే. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. గనుల్లో పనిచేసేవారు ఇప్పటికీ చెప్పుకునే 'కింగ్ సీమ్' ఆయన పేరే.

లోయ కుంగింది గాని, పెద్దగా వేడెక్కలేదు. అందుకే సింగరేణి బొగ్గు కరెంటు తయారీకి పనికొస్తుంది గాని ఉక్కు కొలిమికి కావలసిన కోక్ ఇవ్వదు. విశాఖ ఉక్కు కర్మాగారం కోకింగ్ బొగ్గును విదేశాలనుంచి ఓడల్లో తెప్పించుకోవలసి వచ్చింది. మన జిల్లా దానికిచ్చింది మాదారం డోలమైటు. భూగర్భంలో తక్కువైన వేడికి మనం డాలర్లలో వెల కడుతున్నామన్నమాట!

బొగ్గు వయసు చాలలేదేమో అంటారా? సరే, పాఖాల శిలలను చూడండి. వరంగల్లు దగ్గరి పాఖాల చెరువు పేరు పెట్టుకున్న ఇవి వందకోట్ల ఏళ్ళు పైబడినవి. వీటిలోని డోలమైటు చాలాచోట్ల ఇంకా అవక్షేప శిలగానే ఉంది. అదే తరానికి చెందిన బంకమట్టి కొన్నిచోట్ల నలిగి, తళతళలాడే ఫిల్లైటుగా మారింది. వయసు ఒకటే, పడిన ఒత్తిడి వేరు.

ఇక అసలైన మార్పు కొత్తగూడెం దగ్గరి గరీబుపేట గుట్టది. అక్కడి అభ్రకపు షిస్టు ఒకనాటి బంకమట్టే. భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25, 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. పర్వతాలు పుట్టేటప్పటి ఒరిపిడిలో ఈ మట్టి అనేక కిలోమీటర్ల లోతుకు దిగి, 500 డిగ్రీలు దాటిన వేడిలో మగ్గింది. కరగలేదు సుమా! కరిగితే అది అగ్నిశిల అయ్యేది. ఘనరూపంలో ఉండగానే మట్టిలోని అల్యూమినియం, ఇనుము, సిలికా కొత్తగా జతకట్టి ఎర్రటి గార్నెట్లయ్యాయి. పక్కనే నీలిఛాయ కయనైటు కూడా తయారైంది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్లకు ఈ గుట్టే పుట్టిల్లని 2017లో రత్నశాస్త్రజ్ఞులు పోల్చి చూపారు.

పాతకాలపు వాళ్ళు వాటికోసం రాయిని పగలగొట్టాల్సిన పని అంతగా లేదు. వానలకు షిస్టు చివికి, గట్టి గార్నెట్లు విడిపోయి గుట్ట చుట్టూ ఒండ్రులో చేరాయి. ఏరుకోవడమే. ఏరగా మిగిలినవి ఆ ఒండ్రులోనే ఇసుకతోపాటు మళ్ళీ పొరలు కడుతున్నాయి.