సానయంత్రమును బాగుచేయబూనిన అమ్మాయికి

 

రాళ్లపని మానుకొన్న ఒక వృద్ధుని యింట చిరకాలముగా దుమ్ముపట్టి పడియుండిన సానయంత్రమును నీవు కొని తెచ్చుకొంటివనియు, దానికి ఆకుపచ్చని ఎనామెలు రంగు వేయించి ఈ ఆదివారమే మీట నొక్కి చూడదలచితివనియు నీ జాబువలన తెలిసి సంతోషమును, కలవరమును ఒక్కమారే పొందితిని. వికారాబాదు ప్రాంతమున ఏరుకొనివచ్చిన అకీకు (అగేటు) రాళ్లను చిన్ననాటినుండి డబ్బాలలో దాచుకొనుచు, వాని లోపలి చారలెట్లుండునోయని ఊహించుచు వచ్చిన నీకు, ఆ సౌందర్యమును నీ చేతులతోనే వెలికి తెచ్చుకొను సాధనము లభించినందుకు సంతోషము. ఆ యంత్రపు చక్రములు ఎన్నేండ్లనాటివో, ఎంత నీరు త్రాగినవో, ఎన్నిమారులు నేలపై పడినవో ఎరుగకయే వానికి విద్యుత్తు నందింపబూనితివే యని కలవరము. ఈ ఉత్తరము చదివి ముగించువరకు ఆ తీగను గోడప్లగ్గులో పెట్టకుము.

రాళ్లకు సానపట్టు విద్య మనకు క్రొత్తది కాదు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినపుడు బయల్పడిన స్ఫటికకరండమును తలచుకొన్నచో, మోటారులు లేని ప్రాచీనకాలమున అంతటి కఠినశిలను తొలిచి నునుపుచేసిన వారి ఓర్పునకు చేతులెత్తి మ్రొక్కబుద్ధి పుట్టును. తరువాతి సానవారు కురువిందపు పొడిని లక్కతో కలిపి చక్రముగా చేసికొని, విల్లు లాగుచు దానిని త్రిప్పి, దానికి రాతిని ఆనించెడివారు. ఆ చక్రమునకు వేగమిచ్చునది మనుష్యుని భుజమే గనుక, అది పగిలినను ప్రాణముమీదికి వచ్చునది కాదు. 1893లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ పేటెంటు పొందిన కార్బొరండమను సానపొడియును, దానిని త్రిప్పుటకు వచ్చిన విద్యుత్తు మోటారును ఈ శ్రమను ఎంతో తగ్గించినవి. అపాయము కూడ వానితోనే వచ్చినది.

కావున మొదట మోటారుమీది పేరురేకును తుడిచి చదువుము. మన 50 హెర్ట్జు విద్యుత్తుమీద నాలుగు ధ్రువముల మోటారు నిమిషమునకు సుమారు 1,440 చుట్లు తిరుగును. మోటారు పుల్లీయు ఇరుసు పుల్లీయు సమానమైనచో, 8 అంగుళముల చక్రపు అంచు సెకనుకు ఇంచుమించు 15 మీటర్లు పరుగిడును. పాత మోటారు కాలిపోగా చేతికి దొరికిన 2,880 చుట్ల మోటారును ఎవరైన బిగించియుండినచో, ఆ అంచు 30 మీటర్లు దాటును; వేగము రెట్టింపగుటతో చక్రమును చీల్చజూచు బలము నాలుగింతలగును. పాత యంత్రములలో ఇట్టి మార్పులు తరచుగా జరిగియుండును గనుక, అమ్మినవారి మాటకంటె పేరురేకును, రెండు పుల్లీల వ్యాసములను నమ్ముము.

పిమ్మట బెల్టు తీసివేసి, ఇరుసును చేతితో మెల్లగా త్రిప్పి చూడుము. లోపల ఇసుక నలిగినట్టు వ్రేళ్లకు తగిలినను, ఇరుసు కొనను పట్టి పైకి క్రిందికి కదపగా కించిత్తు ఆడినను బేరింగులు పోయినవని తెలిసికొనుము. రాతిబురద కలిసిన నీరు గ్రీజును కడిగివేసి లోనికి చేరుటయే దీనికి కారణము. ఇట్టి బేరింగును కిరసనాయిలుతో కడిగి మరల గ్రీజు పెట్టి వాడుకొమ్మని చెప్పువారి మాట వినకుము, గుండ్ల దారిలో పడిన గీతలు కడిగినంత మాత్రమున పోవు. వెలుపలి వలయముమీద దాని సంఖ్య చెక్కియుండును: 6204 అని యున్నచో లోపలి రంధ్రము 20 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 47, వెడల్పు 14. రెండు ప్రక్కల రబ్బరు మూత యున్నవానినే అడుగుము. ఊడదీయుటకు పుల్లరు వాడవలెనే కాని సుత్తి కాదు. ఇరుసుమీదికి ఎక్కించునపుడు లోపలి వలయముమీదనే గొట్టమానించి నెట్టవలెను, వెలుపలి వలయమును కొట్టితివా, క్రొత్త బేరింగు ఆనాడే చెడును.

బేరింగులు వచ్చిన తరువాత ఇరుసు వంకరను కొలువవలెను. సమీపమున ఉన్న లేతు షాపువారిని డయల్ గేజి అడిగి, చక్రము కూర్చుండు చోట దాని మొన నానించి ఇరుసును ఒక చుట్టు త్రిప్పుము. ముల్లు 0.05 మిల్లీమీటరునకు మించి ఆడినచో ఇరుసును వారికే అప్పగించుట మంచిది. ఇరుసు ఏమాత్రము వంకరగా తిరిగినను చక్రము రాతిని ఒరయుటకు మారుగా కొట్టును; ఆ దెబ్బలు రాతి ముఖముమీద అలలుగా నిలిచిపోవును. ఎంత మెరుగుపెట్టినను అవి దీపపు వెలుగులో కనబడుచునే యుండును. చక్రమును ఇరుప్రక్కల పట్టియుంచు లోహపు బిళ్లలు సమతలముగా ఉన్నవో లేవో చూచి, వానికిని చక్రమునకును నడుమ దళసరి కాగితపు వాషర్లు వేయుము. రంగు సంగతి ఇక్కడనే చెప్పుచున్నాను: తుప్పును తీగబ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడు పూసి, ఆపైన నీ ఆకుపచ్చ రంగు వేసికొనుము; కాని ఇరుసుమీదను, ఆ బిళ్లలు ఆనుకొను ముఖములమీదను ఒక్క చుక్కయైనను పడనీయకుము. ఆ రంగుపొర మందమే చక్రమును పక్కకు వాల్చును.

ఇంకొక సంగతి చాలమంది మరతురు. నీకు ఎడమవైపుననున్న ఇరుసు కొనకు తిరగమర యుండును. పైభాగము నీవైపునకు వచ్చుచు చక్రము తిరిగినచో ఇరువైపుల నట్లును పనిలో తమంతట బిగియును. మోటారునకు క్రొత్త చుట్టు వేయించినపుడు తిరుగుదిక్కు మారిపోయినచో అవే నట్లు వదులగును. అందుచేత చక్రములు ఎక్కించకమునుపే ఇరుసు ఏ దిక్కున తిరుగుచున్నదో పరీక్షింపవలెను.

ఇక చక్రములు. నీవు వర్ణించినదానిని బట్టి అవి కార్బొరండపువే అయియుండును. ఆరిన చక్రమును వ్రేలికి తగిలించి, స్క్రూడ్రైవరు కొయ్యపిడితో అంచుకు దగ్గరగా మెల్లగా తట్టినచో, బాగున్నది కంచుగిన్నెవలె మ్రోగును. పగులున్నది చచ్చిన చప్పుడు చేయును. అయినను మ్రోగినంతనే దానిని నమ్మి ఎక్కించుమని చెప్పుటకు నాకు మనసొప్పదు. ఈ చక్రములు నీటిని పీల్చుకొనును. తడిసిన చక్రము ఆగియున్నంతసేపు ఆ నీరు క్రిందిభాగమునకు దిగును. మరల మీట నొక్కినపుడు ఒకవైపు బరువెక్కి అదరును, ఒక్కొక్కపుడు తునుకలగును. అమ్మినవారు పని ముగించిన ప్రతిమారును ముందు నీటిని కట్టి, చక్రమును కొంతసేపు వట్టిగా త్రిప్పి ఆరబెట్టినారని మనకెవరు చెప్పగలరు? ఆ చక్రముల ధరను మరచిపొమ్ము. వానికి మారుగా లోహపు గర్భము గల వజ్రపు చక్రములు 80, 220 గరుకులలోను, రెజిన్ చక్రములు 280, 600, 1200, 3000 గరుకులలోను ఒక్కొక్కటిగా సమకూర్చుకొనుము. అన్నియు నేడే కొననక్కరలేదు. పైరేకు కవచములు లేనిచో రేకుపనివానిచేత చేయించుము. మొదటిమారు నడుపునపుడు చక్రమునకు ఎదురుగా గాక ప్రక్కగా నిలువుము. చున్నీ, గాజులు, వదలివేసిన జడ ఆ దరిదాపులకు రాకూడదు.

ఇప్పుడు చెప్పబోవునది అన్నిటికంటె ముఖ్యము. అకీకు, స్ఫటికము మొదలగు రాళ్లలోని సిలికా కంటికానని ధూళియై ఊపిరితిత్తులలో చేరినచో, సిలికోసిస్ అను వ్యాధి కలుగును. దానికి మందు లేదు, పని మానినను ముదురవచ్చును. గుజరాతులోని ఖంభాతులో అకీకు సానపట్టి జీవించు కుటుంబములను ఈ వ్యాధి ఎంతగా పీడించినదో వైద్యుల పరిశోధనలు చాటుచున్నవి. వారు దారిద్ర్యముచేత ఆ ధూళిని పీల్చిరి. వేడుకకు పని చేయు నీకు అట్టి నిర్బంధమేమియు లేదు. చక్రమునకు నీరు పెట్టుట రాతిని చల్లబరచుటకు మాత్రమే యని ఎందరో తలతురు. నీ ఊపిరిని కాపాడుట దాని మొదటి పని. తొట్టిలోని మురికినీటినే పంపుతో మరల మరల త్రిప్పుటకంటె, ఎత్తుగా పెట్టిన బకెట్టునుండి చిన్న కుళాయి ద్వారా మంచినీరు చుక్కలుగా పడనిచ్చుట నాకు నచ్చును. తుంపరలోను సిలికా యుండును గదా. ముక్కునకు గుడ్డ కట్టుకొన్నంత చాలదు, సూక్ష్మధూళిని ఆపు మాస్కు ధరింపుము. బల్లమీద ఎండిన బురదను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువుము. ఆ బురదను వంటింటి తూములో పోసినచో అది రాయివలె గట్టిపడి తూమును పూడ్చును, మీ అమ్మ నన్ననును.

నీరును విద్యుత్తును ఒకచోట చేరుచున్నవి గనుక ఎర్తు సరిగా నున్నదో ఎలక్ట్రీషియనుచేత చూపించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుము. మీట చక్రముమీదుగా చేయి చాపనక్కరలేని చోట ఉండవలెను.

ఇవన్నియు ముగిసిన పిదప నీ డబ్బాలలోని రాళ్లలో అందమైనదానిని గాక, పగుళ్లులేని సామాన్యమైనదానిని ఎన్నుకొనుము. దానిని కొయ్యపుల్ల కొనకు లక్కతో అంటించి 80 మీద ఆకారము దిద్దుము. ప్రతి చక్రము తరువాతను రాతిని తుడిచి ఆరనిచ్చి దీపమునకు ఎదురుగా చూడుము. తడి గీతలను దాచును. 80 గరుకు చేసిన గీత ఒక్కటి మిగిలినను 1200 దగ్గర అది బయటపడును, అపుడు మరల మొదటికి పోవలసినదే. కడపట తోలుమీద సీరియమ్ ఆక్సైడు పూసి మెరుగు పెట్టునపుడు రాయి వ్రేళ్లకు వేడిగా తగిలినచో వెంటనే ఆపుము. వేడికి అకీకు చిట్లును.

బేరింగుమీది సంఖ్యను, ఇరుసు వ్యాసమును, మోటారు పేరురేకుమీది అంకెలను, రెండు పుల్లీల కొలతలను కాగితముమీద వ్రాసి పంపుము. అవి చూచి ఏ పుల్లీ మార్చవలెనో, ఏ రంధ్రపు చక్రములు కొనవలెనో వెంటనే వ్రాసెదను.

ఇట్లు,
నీ పెదనాన్న