పులి-మేక ఆట: తెరపై తొలి పాఠము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పులి-మేక ఆట పేరు వినని పల్లె యుండదు. రచ్చబండ మీదనో, మండపపు రాతిమీదనో చెక్కిన కొన్ని గీతలు, వానిపై మూడు పెద్ద గులకరాళ్లు, పదునైదు చిన్న రాళ్లు. ఇంతకు మించి ఖర్చు లేదు. కంప్యూటరు తెరపై బొమ్మలు గీయుట, ఆటలు కల్పించుట నేర్వగోరు విద్యార్థులు తొలి ప్రయత్నముగా ఈ ఆటనే చేపట్టవలెనని నా అభిప్రాయము.

కారణము చెప్పెదను. కొత్తవారు సాధారణముగా పరుగెత్తు కార్లు, ఎగురు విమానములు గల ఆటను తలపెట్టి, ఎవరో రచించిన ప్రోగ్రామును ఎత్తి వ్రాసికొందురు. అది ఆడును, కాని ఏ వాక్యము దేనికో వారికి తెలియదు. అది ఆగిన దినమున ఏమి చేయవలెనో తోచక, ఈ విద్య తమకు రాదని నిశ్చయించుకొని విరమింతురు. ఇంట కంప్యూటరు లేని విద్యార్థికి ఈ నష్టము మరింత పెద్దది. ప్రయోగశాలలో దొరకు గంటయే అతనికి సర్వస్వము. పులి-మేకలో పని చాలవరకు కాగితముపైననే ముగించవచ్చును. ఆ గంటలో టైపుచేసి చూచుకొనుటయే మిగులును.

తెర యనగా సన్నని చుక్కల గడి. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అందురు. అడ్డముగా 640, నిలువుగా 480 గల గడిని తీసికొందము. గణితపు తరగతిలో వై పైకి పెరుగును. ఇచట క్రిందికి పెరుగును. పాత టెలివిజను తెరపై కిరణము పైనుండి క్రిందికి, ఎడమనుండి కుడికి గీతలు గీయుచు వచ్చెడిది; ఆ అలవాటే నిలిచినది. కావున సున్న ఎడమవైపు పైమూలలో నుండును. ఉర్దూ వ్రాయు మన సోదర సోదరీమణులకు లెక్క కుడినుండి మొదలిడవలెనని తోచవచ్చును. అట్లు గీసినచో 640 లోనుండి ఎక్స్‌ను తీసివేసిన చాలును. బొమ్మ అద్దములో వలె తిరుగును. అయినను మన పటము ఇరువైపులా సమానమే గనుక ఆ శ్రమయు లేదు!

ఇక పటము. శిఖరమున ఒక బిందువు. దానినుండి నాలుగు గీతలు దిగి అడుగున నాలుగు బిందువులను చేరును. నడుమ మూడు అడ్డగీతలు వానిని ఖండించుచు ఇరుప్రక్కలకు పొడుచుకొని వచ్చును. ఆ కొసలను ప్రక్కకొక నిలువు గీత కలుపును. అడుగు బిందువులను ఒక గీత కలుపును. శిఖరము 1, అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తము 23 బిందువులు.

శిఖరమునకు ఎక్స్ 320, వై 40 అనుకొనుడు. అడుగు బిందువులకు వై 440. ఎక్స్‌లు 80, 240, 400, 560. అడ్డగీతలకు వై 140, 240, 340. ఖండన బిందువు లెచట? సరూప త్రిభుజములు గుర్తున్న చాలును. శిఖరమునుండి అడుగునకు నిలువు దూరము 400. మొదటి అడ్డగీత 100 దిగువన, అనగా నాల్గవ వంతున ఉన్నది. ఎడమ కొసగీత అడుగున మధ్యనుండి 240 ప్రక్కకు జరిగినది గనుక ఇచట 60 మాత్రమే జరుగును, ఎక్స్ 260. తక్కినవి 300, 340, 380. రెండవ దానిపై 200, 280, 360, 440. మూడవ దానిని మీరే కట్టుడు. కొసలకు 60, 580 అని ఉంచవచ్చును.

ఏటవాలు గీతకు ఏయే చుక్కలు వెలిగించవలెనో కూడికలతో, తీసివేతలతో తేల్చు పద్ధతిని ఐబీఎం సంస్థలో పనిచేసిన జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో రూపొందించెను. నేడు మనకు ఆ శ్రమ లేదు. పైథాన్ భాషలోని టర్టిల్ ఒక్క ఆజ్ఞతో గీత గీయును.

అసలు చిక్కు ఇచటనే మొదలగును. పులి ప్రక్కనున్న మేకపై దూకి ఆవలి ఖాళీ బిందువున దిగవలెను. కొత్తవారు ప్రతి బిందువునకు పొరుగు బిందువుల జాబితా వ్రాసి, పొరుగువాని పొరుగునకు దూకవచ్చునని కంప్యూటరునకు చెప్పుదురు. శిఖరము 1, మొదటి అడ్డగీతపై ఎడమనుండి 2 మొదలు 7 వరకు, రెండవ దానిపై 8 మొదలు 13 వరకు, మూడవ దానిపై 14 మొదలు 19 వరకు, అడుగున 20 మొదలు 23 వరకు అంకెలు వేయుడు. 1 నకు 4 పొరుగు, 4 నకు 5 పొరుగు. అంతమాత్రమున 1 లోని పులి 4 లోని మేకపై దూకి 5 లో దిగవచ్చునా? బండమీద ఏ పిల్లవాడును ఒప్పుకొనడు. దూకుట ఒకే గీతపై సాగవలెను. 1, 4, 10 అన్నమాట. పిల్లవాని కంటికి తెలిసినది యంత్రమునకు తెలియదు.

కావున పొరుగుల పట్టికను మాని గీతల పట్టికను వ్రాయుడు. 1, 3, 9, 15, 20 ఒక గీత. 2, 3, 4, 5, 6, 7 ఒక గీత. 2, 8, 14 ఒక గీత. ఇట్లు పది గీతలు మాత్రమే. పటము గీయుటకు, రాయి జరుపుటకు, పులి దూకుటకు ఆ ఒక్క పట్టికయే ఆధారము. గీతలో ఒకదాని వెంట నొకటి వచ్చు రెండంకెలు జరుగుటకు, మూడంకెలు దూకుటకు. మొదటి గీతలో తప్పు దొరలినచో అన్నియు తప్పును గనుక దోషము దాగదు. అదియే దీని గుణము.

మౌసుతో ఏ బిందువును నొక్కితిమో తెలిసికొనుటకు పైథాగరస్ చాలును. దగ్గరి బిందువుల నడుమ దూరము 40 గనుక 15 లోపు దూరమును అంగీకరింపుడు. వర్గమూలముతో పనిలేదు, దూరపు వర్గమును 225 తో పోల్చిన సరిపోవును. ప్రతి ఎత్తుకు పటమంతయు చెరిపి తిరిగి గీయవలెను. పాత రాయిని మాత్రము చెరిపినచో క్రింది గీతయు చెరుగును. పదునైదు మేకలు దిగువరకు ఏ మేకయు కదలరాదు. ఎన్ని మేకలు చచ్చిన పులి గెలిచినట్లో ఊరూరికి మారును. మీ ఊరి నియమమునే వ్రాయుడు.

ఇది కుదిరిన పిదప మదనపల్లె టమోటాలను పైనుండి రాల్చి గంపలో పట్టు ఆటకు పోవచ్చును. అచట సెకనుకు 60 మారులు బొమ్మ మారవలెను. టమోటా ఒక్కొక్క మారు 30 చుక్కలు దిగుచు, గంప అంచు 10 చుక్కలే యున్నచో పండు అంచును తాకకయే దాటిపోవును. వెనుకటి స్థానమునకు, ఇప్పటి స్థానమునకు నడుమ అంచు ఉన్నదా యని చూడవలెను.

కళాశాల సంఘము పెద్దలకు ఒక విన్నపము. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ కుప్పములో ఐ-కమ్యూనిటీ పథకమును ఆరంభించి పల్లెలలో కంప్యూటరు కేంద్రములు తెరిచెను. యంత్రము ఊరికి వచ్చుట ఒకటి, దానికి మన ఆజ్ఞ నేర్పుట వేరొకటి. 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొన్న రాజ్ రెడ్డి గారు ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన వారే. ఈ పాఠమునకు ఇంటర్నెట్టు అవసరము లేదు, ఖరీదైన యంత్రము అవసరము లేదు. తరగతుల తరువాత రెండు పాత కంప్యూటర్లను వారమునకు రెండు గంటలు తెరిచి యుంచిన చాలును.

విద్యార్థులకు ఒక పరీక్ష. పది గీతల పట్టికను పూర్తిచేసి, వెంటవెంట వచ్చు మూడంకెల వరుసలను లెక్కించుడు. 28 రావలెను. రానిచో యంత్రమును తాకక మునుపే పట్టికను మరల చూచుకొనుడు.