తప్పును చెబితే ఉద్యోగం తీసేశారు

ప్రశ్న: గుడివాడ దగ్గర ఒక రైసు మిల్లులో తొమ్మిదేళ్లుగా గుమాస్తాను. రైతుల ధాన్యం తూకంలో మోసం జరుగుతోందని అధికారులకు ఫిర్యాదు చేశాను. వారం తిరక్కుండానే ‘రేపట్నుంచి రావద్దు’ అన్నారు. నాకు చట్టం అండ ఉందా?

జవాబు: ఉందండీ. అయితే మీరనుకునే చట్టం కాదు. 2014లో చేసిన ప్రజావేగుల (అక్రమాలను బయటపెట్టేవారి) రక్షణ చట్టం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. వచ్చినా అది ప్రభుత్వోద్యోగుల అక్రమాలకే పరిమితం. ప్రభుత్వ కొలువూ కవచం కాదు. కొవిడ్ వేళ మాస్కుల కొరత గురించి మాట్లాడిన నర్సీపట్నం వైద్యుడు డాక్టర్ సుధాకర్‌ను 2020 ఏప్రిల్‌లో సస్పెండ్ చేశారు. తర్వాత ఆయన పట్ల పోలీసులు ప్రవర్తించిన తీరు మీద హైకోర్టే సీబీఐ విచారణకు ఆదేశించాల్సివచ్చింది.

మీకు దారి కార్మిక చట్టం. గుమాస్తా కూడా చట్టం దృష్టిలో కార్మికుడే. నోటీసు, విచారణ లేకుండా నోటిమాటతో తీసేయడం చెల్లదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, యూనియన్ లేకున్నా మీరే స్వయంగా కార్మిక శాఖ రాజీ అధికారికి దరఖాస్తు చేయవచ్చు. 45 రోజుల్లో తేలకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తీసేసిన నాటి నుంచి రెండేళ్లు దాటనివ్వకండి.

ఈలోగా ‘పనికి సిద్ధంగా ఉన్నాను’ అని యాజమాన్యానికి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఫిర్యాదు రసీదు, పీఎఫ్ పాస్‌బుక్, జీతం జమైన బ్యాంకు వివరాలు భద్రపరచండి. ఫిర్యాదు తేదీ, తీసేసిన తేదీ పక్కపక్కన కనిపించడమే మీకు పెద్ద సాక్ష్యం. ఖాళీ కాగితం మీద, రాజీనామా మీద సంతకం చేయకండి. కార్మికుడిగా మీకు న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. 15100కు ఫోన్ చేయండి. రైతు పక్షాన నిలబడ్డారు, వెనక్కి తగ్గకండి.