బస్తాలకు గుర్తు: అచ్చుచీటీయా, రేడియో బిళ్లయా?

సహకార సంఘపు గిడ్డంగిలో పలువురు రైతుల సరకు ఒక్క కప్పు క్రిందనే యుండును. ఏ బస్తా యెవరిదో తెలియరానిచో మేలిరకపు మిర్చి తెచ్చినవానికి నాసిరకపు ధర దక్కును. సిరాతో వ్రాసిన పేర్లు రాపిడికి చెరిగిపోవుచుండును గావున, నేడు వాడుకలో నున్న రెండు సాధనములను గూర్చి యిచట విచారింతము.

మొదటిది అచ్చుగుర్తు. ఇందు గీతల బార్‌కోడు, గళ్ల క్యూఆర్‌ కోడు అని రెండు విధములు కలవు. అంగళ్లలో మనము చూచు బార్‌కోడును 1974లో అమెరికాలోని యొక దుకాణమున మొదట వాడిరి. క్యూఆర్‌ కోడు 1994లో జపానునందు మోటారు భాగములను గుర్తించుటకై పుట్టినది. వీనికి కాగితము, సిరా మాత్రమే ఖర్చు. చదువుటకు సెల్‌ఫోను చాలును. క్యూఆర్‌ కోడును తగిన రీతిని అచ్చొత్తించినచో, నూటికి 30 వంతుల వరకు చెడినను చదువవచ్చును. కాని గుర్తు కంటి కెదురుగా నుండవలెను. ఒక్కొక్క బస్తానే చూపవలెను. దొంతర నడుమనున్న బస్తా చదువబడదు.

రెండవది రేడియో బిళ్ల. ఇందొక చిన్న చిప్పును, సన్నని లోహపు తీగయు నుండును. సాధారణపు బిళ్లకు బ్యాటరీ యక్కఱలేదు. చదివెడు యంత్రము పంపు తరంగములనుండియే శక్తిని గ్రహించి తన సంఖ్యను తెలుపును. మోటారు బండ్ల అద్దములపై నంటించు ఫాస్టాగ్ ఈ జాతిదే. బిళ్ల కంటబడనక్కఱలేదు, అనేక బస్తాల నొక్కమాఱే చదువవచ్చును. అయితే ప్రతి బిళ్లకును ధర యీయవలెను. యంత్రమును ప్రత్యేకముగా కొనవలెను. దూరమునుండి చదువబడు బిళ్లల తరంగములను ఇనుము త్రిప్పికొట్టును, నీరు పీల్చుకొనును. అందుచే రేకుల గిడ్డంగిలో, తడిసరకు నడుమ, కొన్ని బిళ్లలు పలుకకపోవచ్చును. ప్రక్క దొంతరలోనివి పిలువకయే పలుకవచ్చును.

కావున సరకు కదలు తీరునుబట్టి సాధనము నెన్నుకొనవలెను. మన సంఘములలో బస్తా కాటా యెక్కి, గుమస్తా కన్నులముందే దిగును. ఆ నిమిషముననే కోడును చదువవచ్చును గనుక అచ్చుచీటీయే చాలునని మా యభిప్రాయము. ఎచటను నిలువక వేలకొలది పెట్టెలు ద్వారము దాటిపోవు పెద్ద గిడ్డంగులకు రేడియో బిళ్ల తగును. పశువుల విషయము వేఱు. మన దేశమున పశువుల చెవిపోగులపై 12 అంకెల సంఖ్య యుండును. పశువు కదలక నిలువదు, పోగుకు బురద యంటును. అట్టిచోట 134.2 కిలోహెర్ట్జ్ తరంగముల బిళ్ల మేలు. దేహమందలి నీరు దాని కంతగా అడ్డురాదు. కాని దానిని దగ్గరనుండియే చదువవలెను.

ఏ సాధనమైనను బస్తా సంఖ్యను చెప్పును గాని, లోపలి సరకు మాట చెప్పదు. అచ్చుకోడునకు నకలు తీయుట యెవరికైనను సులభము. కావున చీటీని బస్తామూతి కుట్టులో గలిపి కుట్టవలెను. మూతి విప్పినచో నది చినుగును. కోడు క్రింద సంఖ్యను అంకెలతో ముద్రింపవలెను. ఆ సంఖ్యను, తూకమును సభ్యుని రశీదులోను సంఘపు చిట్టాలోను వ్రాసి, సరకు విడుదలైననాడే కొట్టివేయవలెను.

కొనుటకు ముందు వానకాలమున మీ గిడ్డంగిలోనే 20 బస్తాలను దొంతరపెట్టి పరీక్షింపుడు. యంత్రపు లెక్కయు చేతిలెక్కయు సరిపోయిననే పాలకవర్గము సొమ్ము వెచ్చింపవలెను. ఆ సొమ్ము సభ్యులదే కదా!