కొలతగాట్లు గల రాతికంబము

స్కాట్లండు తూర్పుభాగమున ఫెటర్‌కెర్న్ అను చిన్న ఊరు కలదు. ఆ ఊరి నడిబొడ్డున మెట్ల అరుగుమీద ఒక రాతికంబము నిలిచియున్నది. ఇట్టి కంబమును ఆ దేశీయులు ‘మెర్కట్ క్రాస్’ అందురు; అనగా అంగడి సిలువ. పేరునకు సిలువయే గాని, ఈ కంబములలో పెక్కింటిపై సిలువ కానరాదు. కొన్నింటిపై ఒంటికొమ్ము గుఱ్ఱము ఉండును. అది ఆ దేశపు రాజచిహ్నము.

పూర్వము స్కాట్లండులో సంత జరుపు అధికారము అన్ని ఊళ్ళకును లేకుండెను. అనుమతి పొందిన ఊరు అందుకు గుర్తుగా కంబము నెత్తుకొనెడిది. రాజశాసనములను అచటనే చదివి వినిపించెడివారు. నేరస్థులను అచటనే జనులయెదుట నిలిపెడివారు.

ఫెటర్‌కెర్న్ కంబమునకు మఱియొక పని కూడ ఉండెను. దానిపై ‘ఎల్’ అను కొలతను తెలుపు గాట్లు చెక్కబడియున్నవి. బట్టలు కొలుచుటకు వాడిన ఈ ఎల్ సుమారు 37 అంగుళములు. మన గజముకంటె ఒక అంగుళము ఎక్కువ. వర్తకుని కొలకఱ్ఱ అరిగినను, అతడే దాని కొసను కోసినను, కొనువారికి ఎట్లు తెలియును? అంగుళము తగ్గిన కఱ్ఱతో 37 మార్లు కొలిచినచో పూర్తిగా ఒక ఎల్ బట్ట పోవును. ఏటికొకసారి బట్ట కొను పేదవానికి అది స్వల్పనష్టము కాదు. సందేహము కలిగినప్పుడు కఱ్ఱను తెచ్చి గాట్లకు ఆనించిన చాలును. అక్షరము రానివారును ఆ గాట్లను చదువగలరు.

ఎల్ యొక్క అసలు ప్రమాణమును ఎడింబరో నగరము భద్రపఱచుచుండెను. ధాన్యపు కొలత లిన్‌లిత్‌గో వద్దను, తూకపురాయి లానార్కు వద్దను, ద్రవముల కొలపాత్ర స్టిర్లింగు వద్దను ఉండెడివి.

ఈ కంబము మొదట ఫెటర్‌కెర్నుది కాదని చెప్పుదురు. సమీపమున కింకార్డిన్ అను పట్టణము ఉండెడిది. అచట రాజుల కోట ఉండెను. మండలమునకే ఆ పట్టణపు పేరు వచ్చెను. 17వ శతాబ్ది తొలినాళ్ళలో మండలపు న్యాయస్థానము స్టోన్‌హేవెనుకు తరలిపోయెను. పిదప కింకార్డిన్ క్షీణించి, క్రమముగా పొలములలో కలిసిపోయెను. దాని కంబము మాత్రము పొరుగూరికి చేరినది. కంబపు శిరమున 1670 అను సంవత్సరము, మిడిల్టన్ ప్రభువు చిహ్నములు చెక్కబడియున్నవి.

1707లో స్కాట్లండు ఇంగ్లండుతో ఏకమైనప్పుడు, ఇకమీదట ఇంగ్లండు కొలతలే చెల్లవలెనని ఒడంబడికలో వ్రాసిరి. జనులు అంత సులభముగా మానలేదు. తాతలనాటి కొలతను ఒక కాగితమునకు లోబడి ఎవరు విడుతురు? కావున 1824లో మరల చట్టము చేయవలసివచ్చెను. ఎల్ క్రమముగా వాడుకనుండి తొలగిపోయెను. కంబముపై గాట్లను మాత్రము ఎవ్వరును చెరపలేదు.